ఆపమన్నా ఆగని మంట: అల్లంతో మా అనుభవం

"రెడ్" అన్నాను. మాట పూర్తిగా బయటికి రాకముందే మా ఆయన నా తొడ మీద కప్పిన గుడ్డని, దాని కింద ఉన్న అల్లం ముద్దని తీసేశాడు. తడిగుడ్డతో తుడిచాడు. మంట తగ్గలేదు. తగ్గకపోగా ఇంకో రెండు మూడు నిమిషాలు పెరుగుతూనే పోయింది. దిండులో మొహం దాచుకుని మళ్ళీ "రెడ్" అన్నాను.

"తీసేశాను రా. అక్కడేమీ లేదు. ఇదిగో చూడు, నా చేతులు ఖాళీగా ఉన్నాయి."

తల తిప్పి చూశాను. నిజంగానే ఖాళీగా ఉన్నాయి. రెండు అరచేతులూ నాకు చూపిస్తూ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది. ఆపాల్సిన మనిషి ఆపేశాడు. ఆగాల్సింది మాత్రం ఆగలేదు.

ఆ కొద్ది నిమిషాల గురించే ఇదంతా రాస్తున్నాను. అంగీకారం గురించి, సేఫ్ వర్డ్ గురించి, అంటే ఆపమనడానికి ముందే అనుకున్న మాట గురించి, మేమిద్దరం చాలా చదివాం, చాలా మాట్లాడుకున్నాం. ఇద్దరికీ తట్టని సంగతి ఒకటి మిగిలిపోయింది. చెయ్యి అయితే వెనక్కి తీసుకోవచ్చు. తాడు అయితే విప్పెయ్యొచ్చు. మంచుముక్కని పక్కన పెట్టేస్తే క్షణంలో చలి పోతుంది. అల్లం అలా కాదు, తీసేశాక కూడా తన పని తను చేసుకుపోతుంది.

మాది పన్నెండేళ్ళ పెళ్ళి. ఇద్దరం నలభైకి దగ్గరపడ్డాం. ఒకరి మీద ఒకరికి మొహం మొత్తి కొత్తది వెతుక్కోలేదు. నాకు మొదటినుంచీ ఒక ఇష్టం ఉంది, దాన్ని చెప్పుకునే మాటే చాలాకాలం దొరకలేదు. కళ్ళకి గంత కట్టుకుని పడుకుని, ఒంటి మీద తర్వాత ఏం తగలబోతోందో తెలియకుండా ఎదురుచూడటం నాకిష్టం. ఈక, మంచుముక్క, గోరువెచ్చని నూనె, గరుకు తువ్వాలు. ఒక్కోటీ తగులుతుంటే బుర్రలో రోజంతా తిరిగిన రొద సద్దుమణిగి, ఒళ్ళు ఒక్కటే మిగులుతుంది. దీన్ని సెన్సేషన్ ప్లే అంటారని చాలా ఆలస్యంగా తెలిసింది. మా ఇద్దరి మధ్య మాత్రం "ఆట" అంటే చాలు.

మొదటిసారి తనకి చెప్పింది చీకట్లో. దీపం ఉంటే చెప్పలేకపోయేదాన్ని. విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నొప్పి కావాలంటున్నావా? నేను నిన్ను నొప్పించాలా?" అని అడిగాడు. ఆ గొంతులో భయం ఉంది. నొప్పి వేరు, ఘాటైన స్పర్శ వేరు అని చెప్పడానికి నాకు ఆ ఒక్క రాత్రి సరిపోలేదు. కొన్ని వారాలు పట్టింది. నాలో ఏదో తేడా ఉందేమో, ఇది జబ్బేమో అన్న బెంగ నాకూ ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో, అంటే 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ 11లో, పెద్దవాళ్ళు ఇష్టపడి ఒప్పుకుని చేసుకునే ఇలాంటివాటిని జబ్బుల జాబితాలోంచి తీసేశారు. ఒప్పుకోని మనిషి మీద చేసేదాన్ని మాత్రం ఉంచారు. అది చదివిన రోజు నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. తనకీ చదివి వినిపించాను. "అంటే గీత ఒప్పుకోలు దగ్గర గీశారన్నమాట" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు సందేహం వచ్చినా మేమిద్దరం ఆ గీత దగ్గరికే వెనక్కి వచ్చాం.

మంచు, మైనం అయ్యాక అల్లం మాట ఎత్తింది నేనే. చల్లదనం నాకు బాగా తెలుసు. బయటినుంచి వచ్చే వేడి తెలుసు. లోపల్నుంచి రాజుకునే వేడి ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది.

వెతుకుతూ పోతే మొదట ఎదురైంది గుర్రాల కథ. పాతకాలంలో ఇంగ్లండులో గుర్రాల బేరగాళ్ళు ముసలి గుర్రానికో, నీరసంగా ఉన్నదానికో తోక కింద చెక్కు తీసిన అల్లం పెట్టేవాళ్ళట. ఆ మంటకి అది తోక పైకెత్తి చిందులు వేస్తుంటే, కొనేవాడు హుషారైన గుర్రమని నమ్మేవాడు. 1785లో తొలిసారి అచ్చయిన ఫ్రాన్సిస్ గ్రోస్ వీధి మాటల నిఘంటువులో దీనికి ఫీగ్ అనే మాట ఉంది. ఈ ఆటలో అల్లం వాడకాన్ని ఇప్పుడు ఫిగ్గింగ్ అనడం దాన్నుంచే వచ్చిందంటారు. గుర్రాల ప్రదర్శనల్లో ఆ పనిని నిషేధించారు, నిషేధించాల్సిందే. చదువుతుంటే నాకు కడుపులో దేవినట్టయింది. వద్దని చెప్పడం గుర్రానికి రాదు. దాన్ని అడిగినవాళ్ళూ లేరు. అదే అల్లాన్ని నేను నోరారా కావాలని అడుగుతున్నాను. రెండింటికీ మధ్య ఉన్నది నా నోరొక్కటే. ఆ నోటి మాటకి ఎంత విలువ ఉండాలో అప్పుడు ఇంకా బాగా అర్థమైంది.

అల్లం అసలు ఏం చేస్తుందో తెలుసుకోకుండా ఒంటి మీద పెట్టుకోకూడదని తను పట్టుబట్టాడు. అది మంచిదైంది. పచ్చి అల్లంలో ఘాటుకి కారణం జింజెరాల్ అనే పదార్థం. మిరపలో ఉండే క్యాప్సైసిన్‌కి ఇది దూరపు చుట్టం, రెండింటి నిర్మాణంలోనూ ఒకే రకం ముక్క ఉంటుంది. మన నరాల చివర్లలో వేడిని కనిపెట్టే ద్వారాలు కొన్ని ఉన్నాయి. వాటి పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అవి తెరుచుకుంటాయి. జింజెరాల్ తగిలినా తెరుచుకుంటాయి. చర్మం ఉన్న వేడిలోనే ఉంటుంది, మెదడుకి మాత్రం కాలుతోందన్న కబురు వెళ్తుంది. ఈ ద్వారాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. నిప్పు కాదు కదా అని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. ఎక్కువసేపు ఉంచితే చర్మం ఎర్రబడి వాస్తుంది. కొందరికి అల్లం పడదు, దద్దుర్లు లేస్తాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. అల్లం ఎండి శొంఠి అయితే ఘాటు తగ్గుతుందని అనుకుంటాం. నిజానికి పెరుగుతుంది. ఎండేటప్పుడు జింజెరాల్ షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు దాదాపు రెండింతలు. అల్లానికి జపాను వాళ్ళ పేరు షోగా, ఆ మాటలోంచి పుట్టిన పేరది. అందుకని మేం పెట్టుకున్న మొదటి నియమం, శొంఠి పొడి ఈ గదిలోకి రాకూడదు. పొడి ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటుంది, ఎంత పడిందో తెలియదు, తీసెయ్యడానికి చేతికి దొరకదు. మిరప సంగతి వేరే చెప్పక్కర్లేదు. దాని జోలికి పోనే కూడదు.

ముంజేతి మీద పరీక్షతో మొదలుపెట్టాం. మొదటిరోజు దొరికిన కొమ్ము చాలాకాలం పడి ఉన్నది. పైతొక్క ముడతలు పడి, కోస్తే లోపల పీచు తప్ప రసం లేదు. మోచేతి మడతకి కింద, నీలం నరాలు కనిపించే మెత్తటి చోట పెట్టుకుని పావుగంట కూర్చున్నాం. ఏమీ కాలేదు. నాకు నిరాశ, తనకి లోలోపల ఊరట. మర్నాడు తాజా కొమ్ము తెచ్చాడు. వేలుగోటితో గీరితేనే తొక్క ఊడి వచ్చింది. కత్తి దిగగానే కోసిన అంచు మీద చిన్నచిన్న చెమట చుక్కల్లా రసం పైకి ఉబికింది. లేత పసుపు, మధ్యలో ఒక నీలిబూడిద గీత. రూపాయి బిళ్ళంత ముక్క అదే చోట పెట్టాం.

మొదటి నిమిషం తడి చల్లదనం తప్ప ఏమీ లేదు. మూడో నిమిషంలో ఆ చోటు ఒక్కటీ నాదిగా గుర్తొచ్చింది. ఇంతకంటే బాగా చెప్పలేను. మామూలుగా చేతిలో ఆ కాస్త మేర ఉందన్న సంగతే మనకి పట్టదు. ఐదో నిమిషానికి వెచ్చగా, ఏడో నిమిషానికి చిమచిమలాడుతూ, ఎవరో నోటితో దగ్గరగా ఊపిరి వదులుతున్నట్టు. పదో నిమిషంలో ముక్క తీశాం. గుండ్రంగా గులాబీ రంగు మచ్చ. మరో పది నిమిషాలకి వెచ్చదనం పోయింది, గంటలో రంగూ పోయింది. ఒక రోజంతా ఆగి చూశాం, దద్దురు లేదు, దురద లేదు. తను చేతివాచీ చూసుకుంటూ ఈ నిమిషాలన్నీ కాగితం మీద రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

చూడండి, "తీశాక మరో పది నిమిషాలు" అని తనే తన చేతిరాతతో రాశాడు. ఇద్దరం చదివాం. అందులో ఏముందో మాత్రం ఇద్దరికీ ఎక్కలేదు.

నియమాలు కూడా ఆ కాగితం వెనకే రాసుకున్నాం. గ్రీన్ అంటే బాగుంది, సాగనివ్వు. యెల్లో అంటే ఇక పెంచకు, నన్ను అడుగు. రెడ్ అంటే అన్నీ ఆపేసి దగ్గరికి రా. మాట రాని స్థితిలో ఉంటే మంచాన్ని రెండుసార్లు తట్టాలి. చేతులు కట్టెయ్యడం ఈ ఆటతో కలపకూడదు. తాగి ఉంటే లేదు. కోపంలో ఉంటే అసలే లేదు. నాకు ఇష్టం లేకపోయినా తనకోసమని ఒప్పుకోకూడదు, తనూ నాకోసమని ఒప్పుకోకూడదు. ఈ చివరిది రాసేటప్పుడు తను కలం పట్టుకుని కాసేపు ఆగాడు. "నేను నీకోసమే కదా ఒప్పుకుంటున్నాను?" అన్నాడు. ఆ రోజుకి కాగితం మడిచి పక్కన పెట్టేశాం. మరో నెల తర్వాత తనంతట తనే, "నాకూ చూడాలనుంది. నీ మొహం అలా మెత్తబడటం నేను చూడాలి" అన్నప్పుడే మళ్ళీ విప్పాం.

ఒంటి లోపల వాడకం గురించి కూడా చెప్పాలి. ఫిగ్గింగ్ అంటే అసలు అదే కాబట్టి దాటేస్తే నిజాయితీ కాదు. అల్లం కొమ్ముని వేలంత చెక్కి, కింద వెడల్పాటి అంచు వదిలి, మలద్వారంలో ఉంచుకుంటారు. ఆ వెడల్పు అంచు లేకపోతే ముక్క లోపలికి జారిపోయి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. ఎక్కడా పదును, గీత, విరిగిపోయే సన్నని మెడ ఉండకూడదు. లోపలి పొర చర్మంలా మందంగా ఉండదు కాబట్టి రెండు మూడు నిమిషాల్లోనే మంట అందుకుంటుంది, కండరం బిగిస్తే రసం ఇంకా దిగి మంట ఇంకా పెరుగుతుంది. మూలశంక ఉన్నవాళ్ళు, చీలిక ఉన్నవాళ్ళు, అక్కడ ఏ పుండు ఉన్నవాళ్ళైనా దీని దగ్గరికి పోకూడదు. నాకు కాన్పు తర్వాత చీలిక వచ్చి చాలారోజులు ఇబ్బందిపడ్డాను. మానిపోయిందో లేదో నాకు నేను తేల్చుకోవడం ఇష్టంలేక డాక్టరమ్మని అడిగాను. గొంతు వణికింది, అయినా ఉన్నదున్నట్టు అడిగాను. ఆవిడ నా వైపు వింతగా చూడలేదు. "మానిన చోటు కూడా పలచగానే ఉంటుందమ్మా, నీకు మాత్రం వద్దు" అన్నారు. అంతే. మా ఆటలో అల్లం చర్మం దాటి లోపలికి పోదు. అది లోటని నాకు ఎన్నడూ అనిపించలేదు. చర్మానికే నేను ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు.

ఇక ఆ రాత్రి.

పిల్ల అమ్మమ్మగారింట్లో ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. నేను సాయంత్రం కాళ్ళకి రేజరు వేసుకుని, వేణ్ణీళ్ళతో చాలాసేపు స్నానం చేసి వచ్చాను. అందంగా కనిపించాలనే తప్ప ఇంకో ఆలోచన లేదు. తను అల్లాన్ని ముక్కగా కోయకుండా ఈసారి తురిమాడు. ముక్క అయితే ఒంటి వంపు మీద నిలవట్లేదని, తురుము అయితే చక్కగా పరుచుకుంటుందని. దాన్ని పలచటి గుడ్డలో చుట్టి తొడ లోపలివైపు పెట్టి, పైన ఇంకో గుడ్డ కప్పాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ముంజేతి మీద చేసిన పరీక్షకీ దీనికీ పోలికే లేదు. తురిమితే రసమంతా బయటికి వస్తుంది. వేణ్ణీళ్ళకి చర్మం మెత్తబడి ఉంటుంది. రేజరు వేసిన చర్మం మీద కంటికి కనిపించని గీతలుంటాయి. పైన గుడ్డ కప్పితే వేడి బయటికి పోదు. అసలే అది పలచటి చోటు. ఐదు తప్పులు ఒకేసారి చేశాం, ఒక్కోటీ విడిగా చూస్తే చిన్నదే.

నాలుగో నిమిషం వరకూ అద్భుతంగా ఉంది. గంత కింద కళ్ళు మూసుకునే ఉన్నాను. తను రెండో చేత్తో నా మడమ పట్టుకున్నాడు, కదలకుండా, కేవలం ఉన్నానని చెప్పడానికి. వెచ్చదనం పాకుతూ మోకాలి వైపు వచ్చింది. "గ్రీన్" అన్నాను, తను అడగకుండానే. ఐదో నిమిషంలో అది వెచ్చదనం కాదు, పొయ్యి దగ్గరికి కాలు జరిపినట్టు. నేను యెల్లో అని ఉండాల్సింది. ఇంకాస్త చూద్దాం, ఇంకాస్త చూద్దాం అనుకున్నాను. ఎందుకంటే మంచుతో, మైనంతో ఇన్నాళ్ళూ నేను నేర్చుకున్నదల్లా అంచు దాకా పోయి అక్కడ ఆపమనడమే. అంచున ఆపితే అక్కడే ఆగుతుందని నా ఒంటికి అలవాటైపోయింది. ఆరో నిమిషంలో అంచు వచ్చింది. రెడ్ అన్నాను.

తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను. తను తడిగుడ్డతో తుడవడం కూడా సాయపడలేదు. జింజెరాల్ నీళ్ళలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. ఉత్త నీళ్ళతో తుడిస్తే రసం పోవడం మాట అటుంచి ఇంకాస్త మేర పరుచుకుంది. నూనె సంగతి మేం చదివే ఉన్నాం, కానీ నూనె గిన్నె వంటగదిలో ఉంది. తను లేచి వెళ్ళబోతే నేను చెయ్యి పట్టుకుని "వెళ్ళకు" అన్నాను. వెళ్తేనే మంట తగ్గుతుంది, వెళ్తే నేను ఒంటరిగా ఉండాలి. ఆ ఒక్క క్షణం ఇప్పటికీ నాకు గుర్తుంది. చివరికి నన్ను పొదివి పట్టుకుని నడిపించుకుంటూ ఇద్దరం వంటగదిలోకి వెళ్ళాం. చల్లటి గచ్చు మీద నేను నిలబడి ఉంటే తను కింద కూర్చుని అరచేతిలో నూనె పోసుకుని మెల్లగా రాసి, పాత గుడ్డతో ఒత్తి తీశాడు. మళ్ళీ నూనె, మళ్ళీ గుడ్డ. తర్వాత సబ్బు, చల్లని నీళ్ళు. అన్నీ అయ్యేసరికి పావుగంట. మంట ఒక్కసారిగా పోలేదు. అలలా తగ్గుతూ, మళ్ళీ కాస్త లేస్తూ, ఇంకాస్త తగ్గుతూ పోయింది. అరచెయ్యంత ఎర్ర మచ్చ మర్నాడు సాయంత్రం దాకా ఉంది. బొబ్బ లేవలేదు.

నాకు ఒళ్ళు తేరుకుంది. తనకి తేరుకోలేదు. ఆట అయ్యాక చూసుకోవాల్సింది పడుకున్న మనిషినే అని మేం అనుకునేవాళ్ళం. మూడోరోజు రాత్రి తను చెప్పాడు: "నువ్వు రెండోసారి రెడ్ అన్నప్పుడు, నీ మాట విని కూడా నిన్ను బాధపెడుతూనే ఉన్నట్టనిపించింది. నా చేతులు ఖాళీగా ఉన్నాయి, అయినా నేనే చేస్తున్నాను." నేను ఏం చెప్పాలో తెలియక తన తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. నాలుగు నెలలు మా గదిలోకి అల్లం రాలేదు. నేను అడగలేదు, తను ఎత్తలేదు.

మళ్ళీ మొదలుపెట్టింది తనే, అదీ ఒక లెక్కతో. ఆ పాత కాగితం తెచ్చి "తీశాక మరో పది నిమిషాలు" అన్న మాట కింద గీత గీశాడు. "మనం ఒప్పుకున్నది పెట్టినప్పటినుంచి తీసేదాకా. అసలు ఆట తీశాక కూడా ఉంది. ఆ భాగానికి నువ్వు ఎప్పుడూ ఒప్పుకోలేదు, నేను అడగలేదు" అన్నాడు. ఇంత సూటిగా నేను కూడా ఆలోచించలేదు. సేఫ్ వర్డ్ అంటే ఆపే మాట అనుకున్నాం. అల్లం దగ్గర అది ఆపే మాట కాదు, దిగడం మొదలుపెట్టే మాట. మెట్ల మీద పైన నిలబడి దిగుతానంటే కాళ్ళు నేల మీదికి ఒక్కసారే రావు కదా. దిగినన్ని మెట్లూ ఓర్చుకోగలిగితేనే అంత ఎత్తు ఎక్కాలి.

అప్పటినుంచి మా పద్ధతి మారింది. తను ఇప్పుడు "బాగుందా?" అని అడగడు. "ఇది ఇంకా రెండింతలు అయ్యి, పావుగంట ఉంటే ఓర్చుకుంటావా?" అని అడుగుతాడు. ఓర్చుకుంటానంటేనే ఇంకో నిమిషం. సందేహం ఉంటే అక్కడే తీసేస్తాం, నాకు హాయిగా ఉన్నా సరే. మొదట్లో ఇది నాకు కష్టమైంది. హాయిగా ఉన్నప్పుడు తీసెయ్యడమేమిటని ఒళ్ళు ఎదురుతిరిగేది. కానీ తీసేశాక పెరిగే ఆ రెండు మూడు నిమిషాలే ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టం. ముక్క లేదు, ఎవరి చెయ్యీ తగలట్లేదు, వేడి మాత్రం దానంతటది వికసిస్తూ పోతుంది. నేను దాన్ని ఆపలేను, తనూ ఆపలేడు. ఇద్దరం కలిసి చూస్తుంటాం.

పనిముట్లు అన్నీ ముందే మంచం పక్కన ఉంటాయి. నూనె, రెండు పాత గుడ్డలు, సబ్బునీళ్ళ గిన్నె, చల్లని నీళ్ళ గిన్నె, గడియారం. తురమడం మానేశాం, ముక్కే. తొక్క పూర్తిగా తీసి, అంచులు గుండ్రంగా చెక్కి, చల్లటి నీళ్ళలో ముంచి తెస్తాడు. తక్కువ ఘాటు కావాలంటే లేత కొమ్ము, ముదురుదాంట్లో పీచూ ఎక్కువ, ఘాటూ ఎక్కువ. రేజరు వేసుకున్న రోజు ఆట లేదు, వేణ్ణీళ్ళ స్నానం అయిన వెంటనే కూడా లేదు. గీరుకున్న చోట, దోమ కుట్టిన చోట పెట్టం. భుజం రెక్క మీద, నడుము పక్కన, ముంజేతి మీద, మెడ వెనక జుట్టు మొదలయ్యే చోట. ఈ చివరిది నాకు చాలా ఇష్టం, కానీ చెమటతో పాటు రసం కిందికి జారుతుంది కాబట్టి పక్కనే గుడ్డ పట్టుకుని ఉండాలి.

చెమట అంటే గుర్తొచ్చింది, ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఒకసారి నా నుదుటి మీద చెమట తుడుద్దామని తను ప్రేమగా వేళ్ళతో రాశాడు. ముక్క పట్టుకున్న వేళ్ళవి. చెమటతో కలిసి కంట్లోకి దిగింది. ఒక్క కేక వేశాను. అక్కడ మాత్రం నూనె మాటే లేదు, కంట్లో పడితే శుభ్రమైన నీళ్ళే. కుళాయి కింద కన్ను తెరిచి పావుగంట కడుగుతూ నిలబెట్టాడు. చూపు మసక తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని నిమిషాలు లెక్కపెట్టుకున్నాం, ఆ అవసరం రాలేదు. అప్పటినుంచి గ్లవ్స్. రబ్బరువి కాదు, నైట్రైల్‌వి. నూనె తగిలితే రబ్బరు దెబ్బతింటుంది. కండోమ్‌కి కూడా అదే సంగతి, నూనె వాడిన రాత్రి అది నమ్మకం కాదు. ముక్క తీసెయ్యగానే గ్లవ్స్ విప్పి చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని వచ్చాకే తను నన్ను ముట్టుకుంటాడు. ఆ కొద్దిసేపు నేను తన అడుగుల చప్పుడు వింటూ ఉంటాను. అది కూడా ఆటలో భాగమైపోయింది.

మొన్నీమధ్య ఒక రాత్రి తను చొక్కా విప్పి బోర్లా పడుకుని, "ఇవాళ నాకు పెట్టు" అన్నాడు. నేను నిజంగా అనుకోలేదు. ముంజేతి మీద ముందు పరీక్ష చేద్దామని, ఒక రోజు ఆగాలని అన్నాను. ఆగాడు. మర్నాడు రాత్రి కుడి భుజం రెక్క మీద రూపాయి బిళ్ళంత ముక్క పెట్టాను. వేలితో మెల్లగా అదిమి ఉంచి గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ తను కూర్చున్న చోటు అది. అక్కడినుంచి చూస్తే పడుకున్న మనిషి వీపు ఎంత నమ్మకంగా కనిపిస్తుందో నాకు అంతవరకూ తెలియదు. ఊపిరి పీల్చినప్పుడల్లా ముక్క కాస్త లేచి దిగుతోంది. నా వేలు వణికింది.

ఆరో నిమిషంలో "యెల్లో" అన్నాడు.

"రెండింతలైతే ఓర్చుకుంటావా?"

కాసేపు ఆలోచించాడు. "లేదు. తీసెయ్."

తీసేశాను. గ్లవ్స్ విప్పాను, చేతులు కడుక్కుని వచ్చాను. నూనె రాసి గుడ్డతో ఒత్తాను. తను దిండు అంచు పిడికిట్లో పట్టుకుని, "తీసేశావు కదా, ఇంకా పెరుగుతోందేమిటి?" అన్నాడు. గొంతులో ఆ పాత రాత్రి నా గొంతే వినిపించింది.

"పెరుగుతుంది. ఇంకో మూడు నిమిషాలు. ఆ తర్వాత దిగుతుంది."

"ఇంకెంతసేపు మొత్తం?"

"పదో పన్నెండో నిమిషాలు. నేనిక్కడే ఉన్నాను."

గడియారం తనకి కనిపించేలా దిండు పక్కన పెట్టాను. తన రెండో చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఇద్దరం ముల్లు కదలడం చూస్తూ కూర్చున్నాం. ఏడో నిమిషంలో పట్టు కొంచెం వదులైంది. తొమ్మిదో నిమిషంలో తను తల ఇటు తిప్పి, "దిగుతోంది" అన్నాడు.